అరగంట జరిగిన కూత

ఆ సోమవారం పొద్దున ఆదినారాయణ చేయవలసిన పనులు మూడు. ఆరున్నరకల్లా మిల్లుకు చేరాలి. ఏడు గంటలకు కూత పడకుండా చూడాలి. ఏడున్నరకు పడేలా చూడాలి. మూడూ అనుకున్నట్టే చేశాడు. ఆ తర్వాత హిందూపురంలో జరిగిన వాటన్నిటికీ ఆ మూడు పనులే కారణం.

1959లో ఆయన అక్కడి ఒక వేరుశనగ మిల్లుకు మేనేజరు. కాయలు ఒలిచి, విత్తనాలు ఏరి, నూనె ఆడించే మిల్లు. పనివాళ్ళు అరవై రెండు మంది. అందులో నలభై మంది విత్తనాలు ఏరే ఆడవాళ్ళు. రోజూ ఏడు గంటలకు బాయిలరు చూసే కుళ్ళాయప్ప గొలుసు లాగితే కూత ఊరి ఈ కొస నుంచి ఆ కొస దాకా వినిపిస్తుంది. అది విని పనివాళ్ళు ఇళ్ళ నుంచి బయలుదేరతారు. ఏడున్నరకు పని మొదలవుతుంది. పదిహేడేళ్ళుగా ఇదే పద్ధతి.

మూడు నెలల కిందట, బెంగుళూరులో కాపురముండే మిల్లు షావుకారు ఆదినారాయణను అక్కడే ఐదు రోజుల తరగతికి పంపాడు. పనివాళ్ళతో ఎలా మెలగాలి, కొత్త పద్ధతి ఏదైనా పెట్టేటప్పుడు వాళ్ళకు ఎలా చెప్పాలి అన్నది అక్కడి పాఠం. ఆయన నలభై పేజీల నోట్సు రాసుకుని వచ్చాడు. అందులో ఎర్ర సిరాతో గీత గీసుకున్న వాక్యం ఒకటే: చెప్పే ముందు అడగండి.

అడిగాడు. కాయలు ఆరబోసే కళ్ళంలో అరవై రెండు మందినీ కూర్చోబెట్టి, అందరికీ కాఫీ ఇప్పించి, మీకేం కావాలో చెప్పమన్నాడు. ఎవరూ నోరు విప్పలేదు. మిల్లులో ఇంతకు ముందు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది ఒక్కసారే, బాయిలరు పక్కన ఒకతను చనిపోయినప్పుడు. ఈసారి పోయిందెవరో ముందు తెలుసుకుందామని అందరూ ఆగారు. ఎవరూ పోలేదని తేలాక, ఏరేవాళ్ళకు పెద్దగా ఉండే చౌడక్క లేచింది.

"సామీ, కొళాయికి నీళ్ళొచ్చేది కూత యాలకే. నీళ్ళు పట్టుకుంటే పనికి ఆలీసెం. పనికొస్తే ఇంట్లో నీళ్ళుండవు. మాకో అరగంట ఇస్తే సాలు. ఆ అరగంట సాయంత్రం కూచోని చేసి పోతాం."

ఆదినారాయణ రాసుకున్నాడు. రాసింది పైకి చదివాడు. ఉదయం పని ఇప్పటికంటే అరగంట ఆలస్యంగా మొదలవుతుంది, సాయంత్రం అరగంట ఆలస్యంగా ముగుస్తుంది. సమ్మతమేనా అని అడిగాడు. అరవై రెండు మందీ సమ్మతమే అన్నారు. తొమ్మిది మంది సంతకాలు చేశారు, మిగతావాళ్ళు వేలిముద్రలు వేశారు. మార్పు ఇంత సులువుగా జరుగుతుందని నలభై పేజీల్లో ఎక్కడా లేదు. అనుమానపడవలసింది అక్కడే. ఆదినారాయణ సంతోషపడ్డాడు.

సంగతంతా షావుకారుకు జాబు రాశాడు. జవాబు మూడు వాక్యాల్లో వచ్చింది. సోమవారం పొద్దున బండికి వస్తాను. నీ కొత్త పద్ధతి కళ్ళారా చూస్తాను. పని చెడిందో, పెనుకొండ గోడౌనులో నీ కుర్చీ సిద్ధంగా ఉంది.

పెనుకొండ గోడౌను అంటే ఒక రేకుల కొట్టం, ఒక తాళం, ఒక కాపలావాడు, కొన్ని వేల బస్తాలు. అక్కడ మేనేజరుకు ఎలుకల మీద తప్ప ఎవరి మీదా అజమాయిషీ చేయడానికి ఉండదు. మిల్లు నుంచి అక్కడికి పోయినవాళ్ళు ఇద్దరు. ఇద్దరూ తిరిగి రాలేదు. ఆదినారాయణ రెండు దినాలు అన్నం సరిగ్గా తినలేదు. భార్య నీలావతికి జాబు చదివి వినిపించి, నువ్వేం దిగులు పడొద్దు, అంతదాకా రానివ్వనని ధైర్యం చెప్పాడు. ఆమె ఏమీ అనలేదు. సోమవారం పొద్దున ఆయన చెప్పులు వేసుకుంటుంటే మాత్రం ఒక మాట అంది.

"సోమవారం ఏడున్నరకు రాహుకాలం పడుతుంది. కొత్త పని ఎవరన్నా అప్పుడు పెట్టుకుంటారా?"

బెంగుళూరు తరగతిలో రాహుకాలం ప్రసక్తి రాలేదని ఆయన అన్నాడు.

మిల్లులో ఏడు గంటలయ్యేసరికి కుళ్ళాయప్ప చెయ్యి గొలుసు వైపు పోయింది. ఆదినారాయణ ఆపాడు. మరో రెండు నిమిషాలకు మళ్ళీ పోయింది.

"నేను లాగడంలేదు సామీ. చెయ్యే పోతాంది," అన్నాడు కుళ్ళాయప్ప. చివరికి రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సరిగ్గా ఏడున్నరకు ఆదినారాయణ తల ఊపాడు. కూత పడింది.

పనివాళ్ళు దారి పట్టి ఉంటారు, ఎనిమిదికి పని మొదలు. షావుకారు ఏడూ ఇరవై బండికి దిగి, జట్కా ఎక్కి, ఈపాటికి వస్తూ ఉండాలి. ఆదినారాయణ గేటు దగ్గర నిలబడ్డాడు. ఏడూ ముప్పావు అయింది. ఎనిమిది అయింది. పనివాళ్ళు లేరు, షావుకారు లేడు. వీధిలో ఒక కుక్క పోయింది.

ఆయన లెక్కలోకి తీసుకోనిది ఊరు. మిల్లు కూత మిల్లుదని ఆయన అనుకున్నాడు. ఊరు తనదనుకుంది. పదిహేడేళ్ళుగా జట్కావాళ్ళు ఏడుకు కూత విని గుర్రాలు కట్టి, ఏడూ ఇరవై బండికి స్టేషను చేరేవాళ్ళు. ఆ రోజు గుర్రాలు కట్టేసరికి బండి వచ్చి వెళ్ళిపోయింది. ఆ బండికి పోవలసినవాళ్ళూ కూత కోసమే ఇళ్ళల్లో కూర్చున్నారు. ధర్మవరానికి పెళ్ళి పట్టుచీరలు కొనడానికి బయలుదేరిన ఒక కుటుంబం, పదకొండు మంది, మూటలతో స్టేషనుకు వచ్చి ఖాళీ పట్టాలు చూశారు. భూమి తగాదాతో పెనుకొండ కోర్టులో వాయిదా ఉన్న చిలమత్తూరు అన్నదమ్ములిద్దరూ బండి తప్పిపోయి, ఒకే బెంచీ మీద కూర్చోవలసి వచ్చి, ఆరేళ్ళలో మొదటిసారి మాట్లాడుకుని, రాజీ పడ్డారు. ఆ సంగతి తెలిసిన వకీలుకు ఊళ్ళో అందరికంటే ఎక్కువ కోపం వచ్చింది.

చేతి గడియారాలు ఉన్నవాళ్ళ పని ఇంకా అన్యాయం. వాళ్ళు రోజూ కూతకు గడియారం సరిచేసుకునేవాళ్ళు. కూత పడేసరికి గడియారం ఏడున్నర చూపిస్తుంటే, ఇది ముందుకు పోతోందనుకుని, సరిగ్గా ఉన్న గడియారాన్ని అరగంట వెనక్కి తిప్పారు. ఒక ఎలిమెంటరీ స్కూలు గంట అరగంట ఆలస్యంగా మోగింది. నీళ్ళు వదిలే మనిషి కొళాయి అరగంట ఆలస్యంగా తిప్పాడు. ఊళ్ళో ఒక సర్కారు ఆఫీసులో మాత్రం ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

బజారులో రంగప్ప ఆ రోజు కొత్త బట్టల అంగడి తెరుస్తున్నాడు. రాహుకాలం రాకముందే దీపం పెట్టాలి కాబట్టి, కూత పడగానే ముహూర్తం పెట్టుకున్నాడు. కూత పడింది. దీపం వెలిగించాడు. కొబ్బరికాయ కొట్టాడు. అదే సమయానికి చేతిలో గొడుగు, చంకలో పరుపుచుట్టతో, చెమటలు కక్కుతూ నడిచివస్తున్న ఒక పెద్దమనిషి మెట్ల మీద ఆగి మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళు తాగి, అప్పా, తప్పుగా అనుకోవద్దు, రాహుకాలంలో దీపం పెడుతున్నావేమిటి అన్నాడు. రంగప్ప తన గడియారం చూపించాడు. ఆయన బెంగుళూరు గడియారం చూపించాడు. ఇద్దరూ కొంచెంసేపు రెండు గడియారాలనూ చూశారు.

"దీన్ని నేను మిల్లు కూతకు సరిపెట్టినా," అన్నాడు రంగప్ప.

"ఏ మిల్లు?" అన్నాడు పెద్దమనిషి. రంగప్ప మిల్లు పేరు చెప్పి, దాని యజమాని వంశం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాడు. పెద్దమనిషి ఓపికగా విన్నాడు. ఆయనే ఆ మిల్లు షావుకారు. ఆ సంగతి అప్పుడు చెప్పడం క్షేమం కాదనిపించి, రంగప్ప జనాన్ని పోగుచేసుకుని మిల్లు మీదికి బయలుదేరితే, తనూ వాళ్ళతో కలిసి నడిచాడు. ఇదంతా ఆదినారాయణకు తర్వాత తెలిసింది.

అప్పటికి ఆయనకు తెలిసింది, కాపలా ఉలిగప్ప పరిగెత్తుకొచ్చి చెప్పిందే.

"సామీ, జనం వస్తాండారు."

"హమ్మయ్య. మనవాళ్ళేనా?"

"మనోళ్ళు ఒక్కరూ లేరు. ముందర మన షావుకారు ఉండాడు."

సొంత మిల్లు మీదికే ఊరేగింపు తీసుకొస్తున్న యజమాని గురించి నోట్సులో ఏమీ లేదు. గేటు ముందు దాదాపు నలభై మంది నిలబడ్డారు. జట్కావాళ్ళు, రంగప్ప, వకీలు, పట్టుచీరల కుటుంబం, బిందెలతో ఇద్దరు ముసలమ్మలు. షావుకారు గేటు దాటి లోపలికి వచ్చాక, ఇప్పుడిక క్షేమమేనని, పరుపుచుట్ట కింద పెట్టాడు. ఆయనెవరో అప్పుడు అర్థమైన రంగప్ప, తను వంశం గురించి చెప్పిన నాలుగు మాటలూ గుర్తు తెచ్చుకుని, రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఏమప్పా ఆదినారాయణా," అన్నాడు షావుకారు. "మిల్లు ఆడేది యాడ? జనం యాడ?"

"వస్తారు. ఎనిమిదికి పని."

"ఎనిమిదింబావు అయ్యె."

ఆదినారాయణకు ఇక మిగిలింది ఒక్క కాగితమే. లోపలికి పోయి తెచ్చాడు. ఎవరి మీదా ఏదీ రుద్దలేదని, అందరినీ అడిగే చేశానని, తొమ్మిది సంతకాలూ యాభై మూడు వేలిముద్రలూ షావుకారుకు చూపించాడు. షావుకారు భుజం మీద నుంచి రంగప్ప కూడా కాగితం చూశాడు.

"మా వేలిముద్ర యాడుండాది?" అన్నాడు.

జనమంతా ఆ మాట పట్టుకున్నారు. కూత జరిపేముందు తమనెందుకు అడగలేదని జట్కావాళ్ళు అడిగారు. పట్టుచీరల కుటుంబం అడిగింది. వకీలు ఇంకా ఎక్కువ మాటల్లో అడిగాడు. అరవై రెండు మందిని అడగడానికే తనకు ఒక పూట పట్టిందని, ఊరందరినీ అడగాలంటే కాఫీ చాలదని ఆదినారాయణ అనబోయి, షావుకారు ముఖం చూసి మానుకున్నాడు.

ఎనిమిదిన్నరకు పనివాళ్ళు వచ్చారు. పరుగులు లేవు, కంగారు లేదు. ఆడవాళ్ళు తలలు దువ్వుకుని, కొందరు పూలు కూడా పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ వచ్చారు. చౌడక్క చేతిలో మేనేజరు కోసం ఒక మూర కనకాంబరాలు ఉన్నాయి. జనాన్ని చూసి ఆగింది.

"ఏంది సామీ, మేం రాకముందే సభ పెట్టినారే."

"అరగంట ఆలీసెంగా వచ్చి సభ గురించి అడుగుతాండావా?" అన్నాడు షావుకారు.

"ఆలీసెం యాడిది? చెప్పిన యాలకే వచ్చినాం. కూత ఇంటిమి. నీళ్ళు పట్టుకొని అరగంట ఉంటిమి. ఆ తర్వాత బయలుదేరితిమి."

"అయ్యో, కూతనే అరగంట జరిపినాను కదమ్మా," అన్నాడు ఆదినారాయణ.

చౌడక్క ఆయన వైపు చూసింది. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు నిదానంగా చెప్పింది.

"కూతను జరపమని ఎవురడిగినారు సామీ? మేమడిగింది కూతకీ పనికీ నడుమ అరగంట. కూతను జరిపితే కొళాయి కూడా జరుగుతాది. అప్పుడు మాకు మిగిలిందేంది?"

ఆదినారాయణ చేతిలోని కాగితం మరోసారి చదువుకున్నాడు. ఇప్పటికంటే అరగంట ఆలస్యంగా అని ఉంది. దేనికంటే అన్నది ఆయన గడియారంతో చూశాడు. వాళ్ళ ఇళ్ళలో గడియారాలు లేవు.

షావుకారు తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. రేపటి నుంచి కూత ఎప్పటిలాగే ఏడుకు. పని ఎనిమిదికి. ఇన్ని మాటలు కాకుండా ఈ రెండు ముక్కలే ముందు అనుకుని ఉంటే బాగుండేదన్నాడు. జట్కావాళ్ళు సరేనన్నారు. రాహుకాలం పోయాక మళ్ళీ దీపం పెడితే మొదటి పంచె తనే కొంటానని రంగప్పకు మాటిచ్చాడు. వకీలుకు ఎవరూ ఏమీ చేయలేకపోయారు. తర్వాత షావుకారు ఆదినారాయణ వైపు తిరిగాడు.

"నీ సంగతి పెనుకొండలో—"

"ఆయప్పను పంపొద్దు షావుకారీ," అంది చౌడక్క. "పదిహేడేండ్లలో మీకేం కావాల అని మమ్మల్ని అడిగినోడు ఈయప్పొక్కడే. సరిగ్గా ఇనలేదు, అంతే. ఇంకో రెండుసార్లు అడిగితే ఇనేదీ వస్తాది."

షావుకారు నవ్వాడు. స్టేషను నుంచి నడిచిన దూరమంతా జనం తన మిల్లును తిడుతూనే ఉన్నారు. ఒక మిల్లు కూత లేకపోతే ఊరే నడవదన్న సంగతి ఆ తిట్లలోనే ఆయనకు తెలిసింది, లోలోపల గొప్పగానే అనిపించింది. ఇక్కడే ఉండు, కానీ ఈసారి ఏదన్నా మార్చేముందు చౌడక్క ఏమన్నదో చౌడక్క చేతనే రెండోసారి చెప్పించుకో అన్నాడు.

మధ్యాహ్నం ఆదినారాయణ కనకాంబరాలు పట్టుకుని ఇంటికి పోయాడు. ఈ కబురు నీలావతికి ఎలా చెప్పాలో దారి పొడుగునా అనుకున్నాడు. గడప దాటేసరికి నడింట్లో అయిదు మూటలు ఉన్నాయి. ఇత్తడి సామాను గోనెసంచుల్లోకి పోయింది. గోడ మీద పటాలు దిగిపోయాయి. పరుపులు చుట్టి తాళ్ళతో కట్టి ఉన్నాయి.

"రాహుకాలంలో కూత ఇంటూనే ఇంక పెనుకొండే అనుకున్నా," అంది నీలావతి. పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. "బండి ఎన్నింటికి?"

"పోవడం లేదు," అన్నాడు ఆదినారాయణ. "నన్ను ఈడనే ఉండమన్నారు."

ఆమె మూట మీద కూర్చుంది. సంతోషించిన ముఖం కాదు.

"ఆడ మా అమ్మ ఉండాది. మా అక్క ఉండాది. గోడౌనంటే సాయంత్రం అయిదుకు ఇంటికొస్తారు. ఎలుకలు మీటింగులు పెట్టమనవు. షావుకారు జాబు వచ్చినప్పటి నుంచీ దేవుడికి దండం పెట్టుకుంటాండా."

"నువ్వు పోదామని చెప్పలేదే."

"మీరు అడిగితే కదా."

ఆదినారాయణ కనకాంబరాలు ఆమె పక్కన పెట్టాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. మూటలు ఎవరు విప్పాలన్న విషయం మీద ఆ ఇంట్లో చర్చ జరగలేదు.