పదహారో స్పీడ్ బ్రేకర్

ఆ ఆదివారం ఉదయానికి వీరభద్రగారు వేసుకున్న ప్రణాళికలో మూడే అంశాలు ఉన్నాయి. ఆరు గంటలకు కర్నూలులో బయలుదేరడం, ఓర్వకల్లు దాటాక పక్కకు చీలే పాత రోడ్డులో ఒక కిలోమీటరు మేర శాస్త్రీయంగా పరిశీలించడం, పది గంటలకల్లా మేనల్లుడు వంశీ దగ్గర బండి తాళంచెవి పుచ్చుకోవడం. మూడో అంశం కష్టమైనదని ఆయనకు తెలుసు. అందుకే మొదటి రెండింటినీ అంత జాగ్రత్తగా అమర్చుకున్నారు.

వీరభద్రగారు కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తారు. పెళ్లి చేసుకోలేదు. పుస్తకాల మధ్య నుంచి బయటికి రావడం అరుదు. శనివారం సాయంత్రం అక్క కృష్ణవేణమ్మ కొడుకును వెంటబెట్టుకొని ఆయన ఇంటికి వచ్చింది.

"రేపు పదింటికి ఆ సావాసగాడు భూపేష్‌తో బండి పందెమంట వీడికి. ఓర్వకల్లు అవతల పాత రోడ్డు మీద. నేను చెప్తే ఇనడు. నువ్వన్నా అడుగు వీరభద్రా."

వీరభద్రగారు కళ్లద్దాలు సవరించుకొని అడిగారు. "ఎంత వేగంతో పోతావురా?"

"నూటిరవై మామా."

"ఎన్నో గేరులో?"

"నేను అడగమన్నది అది కాదప్పా," అంది కృష్ణవేణమ్మ.

వంశీకి ఇరవై ఒకటో ఏడు. మామ అంటే గౌరవమే కాని, పుస్తకం చూసి చెప్పే మాటంటే నవ్వు. "ట్రాక్ మీద తోలేటోళ్లు పడరా మామా? వాళ్లనేమో టీవీలో చూపిస్తారు, మమ్మల్నేమో పోలీసులు పట్టుకుంటారు."

"పడతారు. కాకపోతే పడేదానికి చోటు పెట్టింటారు. పక్కన మెత్తటి కంకర ఉంటుంది. ఎదురుగా ఎవరూ రారు. ఏ మలుపులో ఏముందో ముందే జాబితా రాసిపెట్టింటారు."

"మా రోడ్డు తిన్నగా ఉండాది. జాబితా రాసేదానికి ఏముండాది ఆడ? రేపు పదిలోపల రాసి చూపించు, తాళంచెవి నీ చేతిలో పెడతా. మాటంటే మాటే."

ఆ సవాలులో మేనల్లుడి ప్రాణం ఉందని వీరభద్రగారికి తెలుసు. అయితే ఆ రాత్రి ఆయనకు నిద్ర పట్టకపోవడానికి భయంతో పాటు కుతూహలం కూడా కారణం. నిజంగానే, ఒక తిన్నని రోడ్డులో ఏముంటుంది?

ఏడు గంటలకు ఆయన పాత స్కూటరు ఆ రోడ్డు మొదట్లో ఆగింది. ముందు పెట్టెలో టేపు, ముగ్గుపిండి సంచి, స్టాప్‌వాచీ ఉన్నాయి. నోటుబుక్కు హ్యాండిలుకు క్లిప్పుతో బిగించి ఉంది. ఆయన పద్ధతి సులభమైనది. రోడ్డు మీదికి మనిషో, పశువో, బండో హఠాత్తుగా రాగల ప్రతి చోటా అడ్డంగా ఒక తెల్లని గీత గీసి, దానికి ఒక సంఖ్య ఇవ్వడం. మొదటి గీత పొలంబాట కలిసే చోట పడింది. రెండోది కల్వర్టు దగ్గర. మూడోది గీస్తుండగా టీ అంగడి లక్ష్మన్న గ్లాసు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏమి సార్ ఈ గీతలు?"

"ఇక్కడ బండ్లు నిదానించకపోతే ప్రమాదం. అందుకు గుర్తు," అన్నారు వీరభద్రగారు. అది అక్షరాలా సత్యం.

లక్ష్మన్న చేతిలో గ్లాసు ఆగిపోయింది. పందెం బండి తగిలి గిడ్డమ్మ మేక కాలు విరిగిన నాటి నుంచి, స్పీడ్ బ్రేకర్లు వేయమని ఆ ఊరు మూడు అర్జీలు పెట్టుకుంది. మూడింటికీ జవాబు లేదు. ఇప్పుడు కళ్లద్దాలు పెట్టుకున్న ఒక పెద్దమనిషి టేపు పట్టుకొని, సెలవురోజున, పొద్దున్నే వచ్చి గీతలు గీస్తున్నాడు.

"సార్, మా అంగడి ముందర కూడా ఒకటి గీయరాదా? శానా మంది ఆగుతారు."

"ఎంతమంది?"

"టీ టయానికి ముప్పైమంది ఉంటారు సార్."

"అయితే తప్పకుండా గీయాల్సిందే," అని ఆయన నాలుగో గీత గీశారు.

పావుగంటలో వార్త ఊరంతా పాకింది. గిడ్డమ్మ మేకలు దాటే చోటు చూపించింది. పుల్లన్న తన గడ్డివామి నుంచి ట్రాక్టరు మళ్లే మలుపు చూపించాడు. ఎనిమిది, తొమ్మిది, పదకొండు. ప్రజలు ఒక శాస్త్రీయ పరిశీలనకు ఇంతగా సహకరించడం వీరభద్రగారు ఎన్నడూ చూడలేదు. పదిహేనో గీతతో కిలోమీటరు పూర్తయింది. ఆయన స్కూటరును అక్కడే ఆపి, రోడ్డు పక్కనున్న పెద్ద బండ వెనుక నీడలో కూర్చొని జాబితాకు శుద్ధప్రతి రాయడం మొదలుపెట్టారు. రాసేటప్పుడు ఆయనకు లోకం వినిపించదు.

ఊరికి మాత్రం ఓపిక లేదు. "గీతలు ఈ పొద్దు గీసిపోతారు, పని వచ్చే ఏడు చేస్తారు. మనమే వేస్కుంటే ఎవరొద్దంటారు?" అన్నాడు లక్ష్మన్న. మేస్త్రీ ఓబులేసు తన కొత్త ఇంటికి ఎర్రగుంట్ల నుంచి తెప్పించుకున్న సిమెంటులో నాలుగు బస్తాలు ఇచ్చాడు. పుల్లన్న ట్రాక్టరు ఎర్రమట్టి, గులకరాళ్లు తోలింది. తలా ఒక చెయ్యి వేశారు. తొమ్మిదిన్నరకల్లా పదిహేను గీతల మీద పదిహేను గట్లు లేచాయి. ఒక్కోటి మోకాటికి కొంచెం తక్కువ. సర్కారు కొలతలు ఎవరికీ తెలియవు కనుక, తక్కువ పడకూడదని కాస్త ఎక్కువే వేశారు.

పదింటికి ఇంజన్ల మోతకు వీరభద్రగారు తల ఎత్తి, శుద్ధప్రతి చేతపట్టుకొని రోడ్డు మీదికి పరుగెత్తారు. అవతలి కొన నుంచి భూపేష్, వంశీ వస్తున్నారు. అంటే, రావడానికి ప్రయత్నిస్తున్నారు. నేలకు ఆనుకున్నట్టుండే ఆ పందెం బండ్లు ఒక్కో గట్టు ఎక్కి, కడుపు రాసుకొని, కిర్రుమంటూ దిగుతున్నాయి. మాట ఇచ్చిన పందెం కాబట్టి ఇద్దరూ మానడం లేదు. ఏడో గట్టు దగ్గర భూపేష్ బండి ముందు చక్రం ఒకవైపు, వెనుక చక్రం ఒకవైపు గాలిలో ఉండగా తక్కెడలా ఆగిపోయింది.

"ఏమప్పా, తోస్తే దిగుతావా, ఈడనే కూర్చుంటావా?" అంది గిడ్డమ్మ. ఆమె మేకలు, విరిగి అతికిన కాలున్న దానితో సహా, అతన్ని దాటుకొని ముందుకు పోయాయి.

పన్నెండు నిమిషాలకు వంశీ ఒక్కడే ఈ కొనకు చేరాడు. వీరభద్రగారు మోత వినగానే అలవాటు కొద్దీ నొక్కిన స్టాప్‌వాచీని ఆపి, "గంటకు అయిదు కిలోమీటర్లు," అన్నారు.

"ఇదంతా నువ్వేనా మామా?"

"గీతలు నావి. గట్ల సంగతి నాకు తెలీదు. నేనూ ఇప్పుడే చూస్తాండా." ఆయన ముఖంలో ఆశ్చర్యం దాచుకోలేనిది. "జాబితా ఇదిగో. పదిహేను చోట్లు. నువ్వన్న తిన్నని రోడ్డే."

వంశీ జాబితా చదవలేదు. "ఇది లెక్కలోకి రాదు. పందెమే జరగలేదు గదా. వచ్చే ఆదివారం కడప దారిలో వేరే రోడ్డు చూసుకుంటాం."

వీరభద్రగారు శుద్ధప్రతిని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. హెల్మెట్ పెట్టుకొని, పట్టీ బిగించి, కర్నూలు వైపు స్కూటరు తిప్పారు. వంశీ వెనుకనే వచ్చాడు.

ఆయన ఒక్కో గట్టునూ నెమ్మదిగా దాటుతూ నోటుబుక్కులో టిక్కు పెట్టుకుంటూ వచ్చారు. పదిహేను, పద్నాలుగు, పదమూడు. చివరకు ఒకటోది దాటారు. జాబితా ప్రకారం ఇక రోడ్డు ఖాళీ. జాబితాలో లేనిది రోడ్డు మీద ఉండదన్నది ఆయన జీవితకాలపు నమ్మకం కనుక, వేగం ఇరవై రెండుకు పెంచి, టిక్కుల మొత్తం వేయడానికి నోటుబుక్కు మీదికి తల వంచారు.

సరిగ్గా ఆ చోట, కుర్రవాళ్లు దాటిపోయిన తర్వాత, మిగిలిన సరుకు పాడైపోతుందని మేస్త్రీ ఓబులేసు తన ఇంటి ముందు కూడా ఒకటి వేసుకొని ఉన్నాడు.

స్కూటరు పైకి లేచింది. వీరభద్రగారు అంతకంటే కాస్త ఎక్కువ లేచి, పక్కనున్న ఎర్రమట్టి కుప్పలో మోచేతుల దాకా దిగబడ్డారు. వంశీ బండి పడేసి పరుగెత్తుకొచ్చి ఆయన్ని లేపి కూర్చోబెట్టాడు.

"యాడ తగిలింది మామా?"

"మణికట్టు. కుడిది. విరగలేదనుకుంటా." ఆయన కుప్పను తడిమి చూశారు. "మెత్తగా ఉండాది. ట్రాక్ పక్కన ఇట్లాంటిదే పెడతారురా."

"ఈ కుప్పను రేపు ఎత్తేస్తాలే సార్," అన్నాడు ఓబులేసు నొచ్చుకుంటూ.

వంశీ కుప్పకు అటూ ఇటూ చూశాడు. ఒకపక్క పదునైన అంచుల బండలు పేర్చి ఉన్నాయి. ఇంకోపక్క ఇనుప కడ్డీలు. స్కూటరు ముందు పెట్టె నుజ్జయి ఉంది. హెల్మెట్ మీద అడ్డంగా ఒక గీత.

"ఎంతలో వస్తాండావు?"

"ఇరవై రెండు."

"పదిహేను రాసుకున్నావు, పదహారోది తగిలింది," అన్నాడు వంశీ, ఎవరితోనో అన్నట్టు. "రేపు ఆ కుప్ప కూడా ఉండదు." పడి ఉన్న బండి దగ్గరికి వెళ్లి, తాళంచెవి లాగి తెచ్చి మామ ముందు చాచాడు.

అందుకోవడానికి వీరభద్రగారి కుడిచెయ్యి లేవలేదు. ఎడమచేత్తో పుచ్చుకొని, ప్రణాళికలోని మూడో అంశం పూర్తయిందని తృప్తిపడ్డారు. ఆ తృప్తి అరనిమిషం నిలిచింది. స్కూటరు కదలదు, ఆస్పత్రి కర్నూలులో ఉంది, ఆయనకు ఉన్న చెయ్యి ఒక్కటే. ఆయన తాళంచెవిని తిరిగి మేనల్లుడి చేతిలో పెట్టారు.

"ఆస్పత్రి దాకానే."

"ఆస్పత్రి దాకానే," అన్నాడు వంశీ.

బైపాసు ఎక్కాక కూడా బండి వేగం చూపే ముల్లు ఇరవై దాటలేదు. ఆటోలు దాటిపోయాయి, గడ్డి ట్రాక్టరు దాటిపోయింది, ఒక సైకిలు చాలాదూరం పక్కపక్కనే వచ్చి అదీ దాటిపోయింది. మణికట్టు వాస్తున్న కొద్దీ వీరభద్రగారి సహనం తగ్గింది.

"కొంచెం తొందరగా పోరాదా అబ్బీ, చెయ్యి శానా లాగుతాండాది."

వంశీ అద్దంలోంచి ఆయన్ని చూసి, "ఈ రోడ్డుకు జాబితా ఉండాదా మామా?" అన్నాడు.