కామెర్లకు పౌడరు

మనిషికి రోగం దైవమిస్తుందనే పాత నమ్మకాన్ని సియోల్ పక్కన పాజు ఊళ్లోని మా టీవీ స్టూడియో ఏనాడో రద్దు చేసింది. ఇక్కడ రోగం మంగళవారం ఉదయం పది గంటల సమావేశంలో ఖరారవుతుంది. మా డాక్టర్ల సీరియల్‌కు ముగ్గురు సహాయ రచయితలం. నేను మూడోదాన్ని, మినిట్సు రాసేది నేనే.

ఈసారి చిక్కు ఏడో భాగంతో వచ్చింది. ఆరు భాగాలుగా ఒకే రోగి మంచం మీదున్నాడు. ఏడుగురు డాక్టర్లు భాగానికి డెబ్బై నిమిషాల చొప్పున ఆయన చుట్టూ నిలబడి తలలు పట్టుకుంటున్నారు. జబ్బేమిటో మాకే తెలియదు. (కథ పేజీలు షూటింగు రోజు పొద్దున చేతికందడం మా కొరియా సంప్రదాయం. ఆ డాక్టర్ల అయోమయం నటన కాదు.) గుండె అందామంటే, గుండె రోగుల సంఘం పోయిన సీరియల్ మీదే మూడు ఉత్తరాలు రాసింది. కాలేయం అసలే కుదరదు. రోగి ప్రతి భాగంలోనూ లేబులు కెమెరా వైపు తిప్పి తాగే ఎర్ర జిన్సెంగ్ వేరు రసం మా స్పాన్సరుది; అది తాగేవాడికే కాలేయం చెడిందంటే ఇంకెవరు కొంటారు? "లివరు మాట మినిట్సులో కూడా ఉండకూడదు," అని కబురు పెట్టారు.

ఆ రోగి వేషం తక్ మన్‌గ్యు మాస్టారిది. ముప్ఫై ఏళ్లు శవంగా నటించాక ఆయనకు దొరికిన, మాటలున్న మొదటి పాత్ర. ఆరో భాగం షూటింగులో ఆయన కళ్లు పచ్చబడ్డాయి.

"అబ్బ, ఏం మేకప్పండీ!" అంది మా ప్రధాన రచయిత్రి ప్యో గారు.

"మేకప్పు కాదమ్మా. నాలుగు రోజులుగా అన్నం సయించట్లేదు. ఇదిగో, ఈ పక్కన ఒకటే పోటు."

వైద్య సలహాదారు పోంగ్ గారిని పిలిపించాం. ఆయన పేజీలు చూశాడు, మాస్టారిని చూడలేదు. (ఒప్పందం పేజీల వరకే.) "పచ్చ కళ్లంటే లివరు. మీ పేజీల్లో లివరెక్కడుంది? తప్పు, దిద్దండి," అన్నాడు.

దిద్దారు. మొహానికి పౌడరు, కళ్లకు తెల్ల లెన్సులు. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మా లోకానికి మాత్రం కామెర్లవాడే తెల్లగా కనిపించాలి.

అయినా ప్రేక్షకులు పసిగట్టారు. "ఆ పెద్దాయన్ని ముందు ఆస్పత్రికి తీసుకెళ్లండిరా బాబూ!" అని రెండు వేల నాలుగొందల మంది రాశారు. ఛానెల్ వెంటనే స్పందించింది: రంగుల సర్దుబాటులో దొర్లిన లోపానికి చింతిస్తున్నాం. నాకు ఒళ్లు మండింది. సిగ్గు కూడా వేసింది, ఆ ప్రకటన రాసింది నేనే.

మర్నాడు మాస్టారిని సియోల్‌లో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాను. మూడు గంటలు కూర్చుంటే మూడు నిమిషాలు దొరికాయి. (ఇది మా దేశంలో పసిపిల్లలకు కూడా తెలిసిన లెక్క.) డాక్టరు కంప్యూటరు మీంచి ఒక్కసారి తలెత్తాడు.

"అరె, మీరు ఆ మంచం మీది పెద్దాయన కదూ! మా ఆవిడ మీకోసమే చూస్తుందండీ. ఇంతకీ మీ జబ్బేంటి? ఎవరికీ చెప్పన్లెండి."

"అది కనుక్కుందామనే వచ్చానండీ," అన్నాడు మాస్టారు.

"భలేవారే!" అని ఆయన నవ్వు ఆపుకునేసరికి మూడో నిమిషం అయిపోయింది. స్కానుకు చీటీ ఇచ్చారు. మొదటి ఖాళీ ఏప్రిల్ పంతొమ్మిదిన. బయట అప్పుడే నవంబరులో పెట్టే కిమ్చీ పచ్చడికి క్యాబేజీ బస్తాలు దిగుతున్నాయి.

మంగళవారం మాస్టారు టోపీ చేత్తో పట్టుకుని సమావేశానికి వచ్చాడు.

"రచయిత్రి గారూ, ఒక్క కోరిక. ఏడో భాగంలో నాకో స్కాను రాయండి."

"ఏ జబ్బుకు మాస్టారూ?"

"ఏదైనా సరేనమ్మా. ఎవరో ఒకరు లోపల చూడాలిగా."

ఏకగ్రీవంగా ఆమోదించాం. యంత్రం పక్కన జిన్సెంగ్ సీసా కనబడేటట్టయితే స్పాన్సరుకూ అభ్యంతరం లేదన్నారు. మినిట్సులో అదే రాశాను. మా స్కాను యంత్రం ప్లైవుడ్‌ది. కాకపోతే తారీఖు ఆ రోజే దొరికింది.