నలభై ఆరో గడిలో సంతకం

మానవజాతి రెండు రకాలు: కేసు ఓడిపోయినవాళ్లు, ఇంకా తీర్పు రానివాళ్లు. మొదటి రకం వల్ల నా ఇల్లు గడుస్తోంది. నేను అప్పీళ్ల లాయర్ని. అంతకు ముందు అర్థశాస్త్రం, ఆపైన వ్యాపార నిర్వహణ చదివాను. కాబట్టి ఏ నష్టాన్నయినా పట్టిక వేసి మరీ కొనితెచ్చుకోగలను.

మా అమ్మాయికి జీవశాస్త్రం కోర్సులో సీటొచ్చింది. చిన్నప్పటి నుంచి గాజు సీసాల్లో గొంగళిపురుగుల్ని పెంచిన పిల్ల. ఆనందం పట్టలేక పదకొండు పేజీల ఫారం తానే నింపి, నలభై ఆరో గడిలో తండ్రి సంతకం కోసం నాకిచ్చింది. పెట్టాను. దాని పైన చిన్న అక్షరాలతో ‘నా హక్కులకు భంగం లేకుండా’ అని కూడా రాశాను. ఇరవై ఏళ్లుగా ఆ ముక్క లేకుండా నేనెక్కడా సంతకం పెట్టలేదు. (మా పెళ్లి రిజిస్టరులో కూడా. మా ఆవిడ ఇప్పటికీ మరచిపోలేదు.)

మూడోరోజు సంతకాల పరిశీలన ఉపాధికారి నుంచి ఉత్తర్వు వచ్చింది: షరతుతో కూడిన సంతకం చెల్లదు, దరఖాస్తు తిరస్కరించడమైనది. అమ్మాయీ నేనూ ఆ ఆఫీసుకి పరుగెత్తాం. కౌంటరులోని ఆవిడ ఫారం తీసి, కలం కూడా చేతికిచ్చింది.

“ఆ ముక్క కొట్టేసి పక్కన మళ్లీ సంతకం పెట్టండి సార్. ఐదింటిదాకా టైముంది. తర్వాత సీటు వేరేవాళ్లకి వెళ్లిపోతుంది.”

“కొట్టేస్తే మీ తీర్పు సరైనదేనని ఒప్పుకున్నట్టవుతుంది.”

“ఇది తీర్పు కాదు సార్, ఫారం.”

“నాన్నా, పెట్టెయ్ నాన్నా,” అంది అమ్మాయి.

నేను బల్ల మీద కూర్చుని లెక్క వేశాను. అప్పీలులో గెలిచే అవకాశం నూటికి డెబ్భై ఒకటి. ‘సీటు పోతే అమ్మాయికి కలిగే బాధ’ అన్న గడికి ఏ సూత్రమూ దొరకలేదు. అందుచేత సున్నా వేశాను. ఐదు కొట్టింది. కౌంటరావిడ కలం తిరిగి అడిగి తీసుకుంది.

అప్పీలు తొంభై నాలుగు పేజీలు, ఒక గ్రాఫు. ప్రతులు ఐదు. (నాలుగు పరిశీలనకు, ఐదోది ఆ నాలుగూ పోయినప్పుడు వెతకడానికి.) ఎనిమిది నెలల్లో ఎనిమిది వాయిదాలు. ఈలోగా అమ్మాయి సీసాలన్నీ కడిగి వంటింట్లో పెట్టేసింది. మా ఆవిడ ఒకదానిలో ఉప్పు పోసింది. అది చూసినప్పుడు మాత్రం నాకు నిజంగా సిగ్గేసింది.

గెలిచాను. షరతుతో పెట్టినా సంతకం సంతకమేనని అప్పీళ్ల మండలి తేల్చింది. సీటు నిండిపోయినందున ఇవ్వడానికి ఏమీ మిగల్లేదని కూడా తేల్చింది. తోటి లాయర్లు భుజం తట్టారు. తీర్పుకు ఫ్రేము కట్టించాను.

అమ్మాయి ఏడాది పోగొట్టుకుని మళ్లీ దరఖాస్తు తెచ్చుకుంది. నలభై ఆరో గడి కింద కొత్త నిబంధన అచ్చయింది: ‘తండ్రి న్యాయవాది అయిన పక్షంలో తల్లి సంతకం మాత్రమే స్వీకరించబడును.’ నా తీర్పు పుణ్యమే. మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడే సంతకం పెట్టేసింది.

“ఈ నిబంధన నిలవదు,” అన్నాను. “దీని మీద...”

అమ్మాయి ఒక తెల్లకాగితం నా ముందు పెట్టింది. ‘అప్పీలు వెయ్యను’ అని అందులో తన చేతిరాత.

“సంతకం పెట్టు నాన్నా. పైన ఏమీ రాయకు.”

పెట్టాను. లెక్కలేసే అలవాటు కొద్దీ గడియారం చూశాను. నాలుగు సెకన్లు పట్టింది.