రూటర్‌ని ఎవరూ ముట్టుకోలేదు

ఆ రోజు ఉదయం ఇల్లాలు వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదిన్నరకల్లా వంట ముగించాలి, తొమ్మిదింటికి వెనక గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒకసారి రిహార్సల్ చేసుకోవాలి, పదకొండింటికి ఇంటర్వ్యూ. తొమ్మిదేళ్లపాటు ఒక కళ్లాసుపత్రిలో రిసెప్షన్ బల్ల వెనక కూర్చుని, కనిపించడం లేదని అరిచేవాళ్లను నెమ్మదిగా కూర్చోబెట్టిన మనిషి ఆవిడ. ఆ ఆసుపత్రి మూతపడి నాలుగు నెలలైంది. ఈ నాలుగు నెలల్లో పంపిన దరఖాస్తులన్నిటిలోకీ ఒక్కదానికే జవాబొచ్చింది. ఇంటింటికీ ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలో, ఫిర్యాదుల విభాగానికి సూపర్‌వైజర్ ఉద్యోగం. తమ ఇంట్లో ఉన్నది కూడా ఆ కంపెనీ కనెక్షనే కావడం మంచి శకునమని ఆవిడ అనుకుంది. ఆ ఉద్యోగం ఎంతగా కావాలనుకుందో మాత్రం ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, చెబితే చేజారిపోతుందేమోనని భయం.

ఇంట్లో ఇంకో ముగ్గురున్నారు. భర్త లిఫ్టులు బాగుచేసే సంస్థలో ఫోర్‌మన్, ఆ భవనంలో అందరూ లిఫ్టాయన అనే పిలుస్తారు. మామగారు నలభై ఏళ్లు గడియారాలు బాగుచేసి, చూపు మందగించాక కొట్టు మూసేసినవారు. కూతురు కాలేజీలో రెండో ఏడు చదువుతోంది. మామగారు తన కొట్లో పెట్టిన చట్టాన్నే ఇంట్లోనూ అమలు చేశారు. ఏ వస్తువైనా పాడైతే, ఆఖరున దాన్ని ముట్టుకున్నవాళ్లదే పూచీ. కొట్లో ఈ చట్టం చక్కగా పనిచేసింది. ఇంట్లో మాత్రం దీనివల్ల ఏ వస్తువునూ ఎవరూ ముట్టుకోవడం మానలేదు, ముట్టుకున్నామని ఒప్పుకోవడం మానేశారు. ఆ ఇంట్లో మిక్సీ తనంతట తానే మాడింది. కుర్చీ కాలు ఎవరూ కూర్చోనప్పుడు విరిగింది.

తొమ్మిదీ పదికి ఇల్లాలు చెల్లెలికి వీడియో కాల్ చేసి, తనను తాను పరిచయం చేసుకునే నాలుగు మాటలూ అప్పజెబుతోంది.

"అక్కా, నోరు తెరిచి అలాగే ఆగిపోయావు! మాట కూడా రావట్లేదు," అంది చెల్లెలు.

అది ఒక్క క్షణం. మరుక్షణం బొమ్మ కదిలింది, మాట వినిపించింది. ఆ సంగతి అక్కడితో వదిలేస్తే ఈ కథే లేదు. కానీ ఇల్లాలు గాభరాగా గుమ్మంలోకి వచ్చి "ఏవండీ, నెట్ ఆగి ఆగి వస్తోంది!" అని కేకేసింది.

ఆవిడ ఇంటర్వ్యూ కోసమే సెలవు పెట్టిన లిఫ్టాయన, చేయడానికి పనేమీ లేక అప్పటిదాకా సోఫాలో అసహనంగా కదులుతున్నాడు. ఒక్క ఉదుటున లేచాడు.

"నువ్వెళ్లి గదిలో కూర్చో. దీని సంగతి నేను చూస్తా. ఇంకెవరూ రూటర్ జోలికి రాకండి!"

రూటర్ ఉండేది నడవాలో, చెప్పుల బీరువా మీద. దాని స్విచ్చు కింద గోడకు, నేల నుంచి జానెడు ఎత్తులో ఉంది. హాల్లోంచి ఏ గదికి వెళ్లాలన్నా, స్నానాలగదికి వెళ్లాలన్నా దాని పక్కనుంచే వెళ్లాలి. లిఫ్టాయన స్విచ్చు ఆపి, ముప్ఫై అంకెలు లెక్కపెట్టి, మళ్లీ వేశాడు. ఎర్ర దీపం వెలిగింది. కాసేపటికి అది నారింజ రంగుకు మారుతుంది, ఇంకాసేపటికి పచ్చదీపం వస్తుంది, మొత్తం నాలుగు నిమిషాల పని. ఈలోగా ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. బాల్కనీలోకి వెళ్తూ వెళ్తూ, వృత్తిధర్మం కొద్దీ, తన సంచీలోని రేకు పలకను తీసి రూటర్‌కు తగిలించాడు. "మరమ్మతులో ఉంది. ఉపయోగించరాదు" అని దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది.

స్నానాలగదికి వెళ్తూ మామగారు ఆ పలక చూశారు. చదివి, అయ్యో పాపం అనుకున్నారు. రూటర్ మీద చేయి పెడితే వెచ్చగా తగిలింది. యంత్రానికి విశ్రాంతి కావాలన్నది ఆయన నలభై ఏళ్ల నమ్మకం. ప్లగ్గు పీకి, భుజం మీది తువ్వాలుతో రూటర్‌ను తుడిచి, స్నానం అయ్యేదాకా దానికి విశ్రాంతి ఇచ్చారు. తల తుడుచుకుంటూ వచ్చి ప్లగ్గు పెట్టి, అటూ ఇటూ చూసి, గదిలోకి జారుకున్నారు. కోడలికి తన వంతు సాయం చేశానన్న తృప్తి ఆయన ముఖంలో కనిపించింది కానీ, చూడటానికి అక్కడ ఎవరూ లేరు.

ఫోను ముగించి వచ్చిన లిఫ్టాయనకు ఎర్ర దీపం కనిపించింది. పావుగంట దాటినా ఇంకా ఎరుపేనా అని ఆశ్చర్యపడి, ఆపి, మళ్లీ వేసి, స్క్రూడ్రైవర్ కోసం వెళ్లాడు. అప్పుడు కూతురు నీళ్లు తాగడానికి వచ్చింది. రెండు చేతుల్లో ఫోను పట్టుకుని ఉండటం వల్ల, ఆగకుండానే, కాలి బొటనవేలితో స్విచ్చు ఆపి వేసి వెళ్లిపోయింది. పదింటికి ఇల్లాలే తలుపు ఓరగా తెరిచి చూసింది. నడవాలో ఎవరూ లేరు. దీపం నారింజ రంగులో ఉంది, ఇంకో అర నిమిషం ఆగితే పచ్చబడేది. ఆసుపత్రిలో కంప్యూటర్ మొరాయించినప్పుడల్లా ఆవిడ చేసిన వైద్యం ఒక్కటే. పిల్లిలా వచ్చి, ఆ వైద్యమే చేసి, పిల్లిలా వెళ్లిపోయింది.

అప్పటినుంచి ఆ రూటర్ ఒక్కసారైనా పచ్చబడితే ఒట్టు. ఒకరు వెళ్లగానే ఇంకొకరు వచ్చారు. అందరిదీ మంచి మనసే, అందరూ దొంగల్లా నడిచారు.

పదిన్నరకు ఎవరికి వాళ్లు కంపెనీకి ఫోన్ చేయడం మొదలుపెట్టారు. లిఫ్టాయన బాల్కనీలోంచి, మామగారు గదిలోంచి, కూతురు మెట్ల మీద నుంచి, ఇల్లాలు వంటగదిలోంచి. నలుగురికీ ఒకటే జవాబు.

"ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేయండి. ఐదు నిమిషాలు ఆగండి. ఫిర్యాదు రాసుకున్నాం, మావైపు నుంచి కూడా ఒకసారి రీసెట్ చేస్తాం."

మొదటి వాక్యం నలుగురూ శ్రద్ధగా పాటించారు. రెండోది ఎవరూ వినలేదు. మూడోది చెప్పిన కంపెనీ మాత్రం మాట తప్పలేదు. వచ్చిన ఫిర్యాదులను వరుసగా ఒక్కొక్కటే తీసి, అక్కడినుంచి లైన్ ఆపి, వేస్తూ వచ్చింది.

పావుతక్కువ పదకొండుకు ఇల్లాలు అందరినీ హాల్లోకి పిలిచింది.

"నిజం చెప్పండి. ఎవరైనా దాన్ని ముట్టుకున్నారా?"

"నేను బాగుచేస్తున్నా. బాగుచేయడం ముట్టుకోవడం ఎలా అవుతుంది?" అన్నాడు లిఫ్టాయన.

"నాకా స్విచ్చు ఎక్కడుందో కూడా తెలీదమ్మాయ్," అన్నారు మామగారు.

"దాని మీద చెయ్యి కూడా వెయ్యలేదమ్మా, ప్రామిస్!" అంది కూతురు. నలుగురిలో అక్షరాలా నిజం చెప్పింది ఆ పిల్ల ఒక్కతే.

"మరి నువ్వు?" అన్నాడు లిఫ్టాయన.

"నేనెందుకు ముట్టుకుంటానండీ? గదిలోంచి కదల్లేదు నేను," అంది ఇల్లాలు, కాస్త గొంతు పెంచి.

పదకొండు కొట్టింది. ఆ ఇంట్లో సెల్‌ఫోన్‌కు మాటలు అందేవి గానీ బొమ్మలు అందేవి కావు, ఫోనుతో ఇంటర్వ్యూ నడిపించే దారి లేదు. పదకొండూ పదికి ఆవిడ గుండె చిక్కబట్టుకుని, పిలుపు పంపిన ఉద్యోగికి ఫోన్ చేసింది.

"మీ ఇంట్లో నెట్ లేకపోతే దానికి మేమేం చేస్తాం మేడమ్?"

"మీరే చేయాలండీ. మా ఇంట్లో ఉన్నది మీ కనెక్షనే."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది. తర్వాత గొంతు తగ్గించి "పన్నెండుకి ఆఖరి మనిషి తర్వాత మిమ్మల్ని పిలుస్తారు. అది కూడా దాటితే ప్యానెల్ లేచి వెళ్లిపోతుంది. ఇంకో రోజంటూ లేదు మేడమ్," అన్నాడు.

ఇల్లాలు ఫోను పక్కన పెట్టి వంటగది స్టూలు మీద కూలబడింది. ఇస్త్రీ బట్టలు నలుగుతున్నా పట్టించుకోలేదు. వెనకాలే వచ్చిన భర్తతో, మొదటిసారిగా, దాచుకున్న మాట అనేసింది.

"ఈ ఉద్యోగం నాకు కావాలండీ. చాలా కావాలి. పొద్దున లేచి ఎక్కడికీ వెళ్లక్కర్లేదంటే నాకు పిచ్చెక్కిపోతోంది."

లిఫ్టాయనకు తెలిసిన పని ఒక్కటే. నేరుగా నడవాలోకి వెళ్లి రూటర్ ఆపి, మళ్లీ వేశాడు.

పదకొండున్నరకు కంపెనీ మెకానిక్ వచ్చాడు. నెరిసిన మీసాల మనిషి, రెండు చేతుల్లోనూ పెట్టెలు.

"ఈ భవనంలోంచి నాలుగు ఫిర్యాదులు. నాలుగిళ్లనుకుని నాలుగు రూటర్లు మోసుకొచ్చాను. తీరా చూస్తే నాలుగూ ఇదే గడప!"

పావుగంటసేపు బయట తీగంతా చూశాడు, బాగానే ఉంది. రేకు పలక తీసి చదివి, తిరిగి లిఫ్టాయన చేతిలోనే పెట్టాడు. దీపం ఎరుపు నుంచి నారింజకు వస్తోంది. ఒక కుర్చీ అడిగి తెప్పించుకుని, రూటర్ ఎదురుగా వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు.

"ఏమీ చెయ్యరా?" అన్నాడు లిఫ్టాయన.

"చేస్తున్నానండీ. మీరు లోపలికెళ్లండి."

నిమిషానికి మామగారు తువ్వాలుతో వచ్చారు. కుర్చీలో మనిషిని చూసి, గాలి కోసం వచ్చినట్టు నిలబడి, వెనక్కి తిరిగారు. ఆయన వెనకే కూతురు, ఫోనులోకి చూస్తూ, అలవాటుగా కాలు చాచింది. "అమ్మా, అది నా కాలు," అన్నాడు మెకానిక్. పిల్ల కెవ్వుమని గదిలోకి పరిగెత్తింది. స్క్రూడ్రైవర్‌తో లిఫ్టాయన రెండుసార్లు వచ్చాడు, రెండుసార్లూ దాన్ని వీపు వెనక దాచుకుని వెళ్లాడు. అందరికంటే ఆఖరున తలుపు ఓరగా తెరుచుకుంది. మెకానిక్‌కు ఇల్లాలి ముఖం కనిపించింది.

"మీరు కూడానా మేడమ్?"

"మంచినీళ్లు కావాలేమో అడుగుదామని..." అంది ఇల్లాలు.

పన్నెండుకు పది నిమిషాలుండగా పచ్చదీపం వెలిగింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. మెకానిక్ కుర్చీలోంచి లేవలేదు.

పన్నెండింటికి తెర మీద ముగ్గురు కనిపించారు. మధ్యలో ఉన్న పెద్దావిడ ఫిర్యాదుల విభాగానికి అధిపతి. ఇల్లాలు పరిచయం చక్కగా చెప్పింది, ఆసుపత్రి అనుభవం చెప్పింది, పెద్దావిడ తల ఊపుతూ ఏదో రాసుకుంది కూడా. తర్వాత కళ్లజోడు సవరించుకుని, "నెట్ రావడం లేదని కస్టమర్ ఫోన్ చేస్తే, మీరు అతనితో చెప్పే మొట్టమొదటి మాట ఏమిటి?" అని అడిగింది.

ఇల్లాలు జవాబుకు నోరు తెరిచింది. తెర మీద ముగ్గురూ ఉన్నవాళ్లు ఉన్నట్టే బిగుసుకుపోయి, మాయమయ్యారు.

నడవాలో ఎర్ర దీపం. లిఫ్టాయన హాల్లోంచి, మామగారు తమ గదిలోంచి, కూతురు వంటగదిలోంచి ఒక్కసారే ఊడిపడ్డారు. మెకానిక్ రెండు చేతులూ పైకెత్తాడు.

"నేను ముట్టుకోలేదండీ! వీళ్లూ ముట్టుకోలేదు, నేను సాక్ష్యం. పది నలభైకి వచ్చిన మీ నాలుగో ఫిర్యాదు వరుసలో ఉండిపోయినట్టుంది, ఇప్పుడు తీశారు. మా ఆఫీసువాళ్లే అక్కణ్ణుంచి ఆపి వేశారు."

గది గుమ్మంలోకి వచ్చిన ఇల్లాలు అక్కడే నిలబడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నాలుగో ఫిర్యాదు ఎవరిదో ఆవిడకు తెలుసు. పది నలభైకి వంటగదిలోంచి ఫోన్ చేసినది ఆవిడే. అలా ఆ నీళ్లలోంచి ఎర్ర దీపాన్ని చూస్తుండగానే, ఆవిడ ముఖంలో మెల్లగా ఏదో తెలిసొచ్చింది. కళ్లు తుడుచుకుంది.

"ఎవ్వరూ కదలకండి. ఎవ్వరూ," అంది. తొమ్మిదేళ్లు ఆసుపత్రి హాలును అదుపులో పెట్టిన గొంతు అది. ముగ్గురూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. ఆవిడ వెళ్లి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. నాలుగు నిమిషాల తర్వాత తెర వెలిగింది. పెద్దావిడ అప్పటికే కుర్చీలోంచి సగం లేచి ఉంది.

"ఏమైందమ్మా?"

"మీ విభాగంవాళ్లు నా లైన్ ఆపి వేశారండీ. వాళ్లది తప్పు కాదు, పొద్దుట్నుంచి మా ఇంట్లో మేం నలుగురం అదే పని చేశాం. నేను కూడా చేశాను. ఒకరికి తెలీకుండా ఒకరం. ఫోన్ చేసిన ప్రతిసారీ మీవాళ్లు మళ్లీ ఆపెయ్యమన్నారు, మేం ఆపేశాం. పచ్చదీపం వచ్చే టైముకి ఎవరో ఒకరు దాని పీక నొక్కాం. అసలు దానికి జబ్బే లేదండీ."

తెర మీది ముగ్గురూ ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకున్నారు. పెద్దావిడ మళ్లీ కూర్చుంది.

"అయితే నా ప్రశ్నకు మీ జవాబు?"

"మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ అని అడుగుతాను. ఎంతమంది ఉంటే అంతమందినీ ఒక్కచోట కూర్చోబెట్టమంటాను. ఆ తర్వాతే స్విచ్చు సంగతి."

పెద్దావిడ మొదట నవ్వు ఆపుకోవాలని చూసింది, ఆపుకోలేకపోయింది.

వారం తిరక్కుండానే ఉద్యోగం వచ్చింది. చేరిన నెలలోపే ఇల్లాలు చేసిన మొదటి మార్పు, ఫోన్ ఎత్తేవాళ్ల చేతిలోని కాగితంలో మొదటి వాక్యం కొట్టేసి కొత్తది రాయించడం. ఫిర్యాదులు సగానికి సగం తగ్గాయని కంపెనీలో చెప్పుకున్నారు.

ఇంకో నెలకు, ఆవిడ ఆఫీసులో ఉన్న ఒక మధ్యాహ్నం, ఇంట్లో మళ్లీ నెట్ పోయింది. లిఫ్టాయన కంపెనీకి ఫోన్ చేశాడు. ఇంట్లో ఎంతమంది ఉన్నారని అడిగారు. ముగ్గురమన్నాడు. ముగ్గురూ ఒక్కచోట కూర్చుని ఐదు నిమిషాలు ఆగాలని అవతలివాళ్లు మర్యాదగా చెప్పారు. ఆయన తండ్రినీ కూతురినీ పిలిచాడు. ముగ్గురూ హాల్లో ఒకే సోఫాలో కూర్చున్నారు. మామగారు పాత గోడగడియారం కథ ఒకటి ఎత్తుకున్నారు, పిల్ల ఫోను పక్కన పెట్టి వింది, లిఫ్టాయన మధ్యలో పడీపడీ నవ్వాడు. నెలల తరబడి ఆ ఇంట్లో అలా కలిసి కూర్చున్నది లేదు.

పచ్చదీపం వెలగగానే, కథ సగంలో వదిలేసి, ఎవరి గదికి వాళ్లు వెళ్లిపోయారు.