వకుళ ఇంటికి తొమ్మిది గుమ్మాలు

ఒక పెద్ద అడవిలో ఎంత చిన్న ఇంటికైనా పన్ను మాత్రం పెద్దదే.

పంచాయతీ వారి లెక్క సులువు. ఇంటికి ఎన్ని గుమ్మాలుంటే అన్ని దోసిళ్ల సారపప్పు. దోసిలి ఎవరిదని అడక్కండి, అధ్యక్షుడు ఎలుగుబంటిదే. తొలకరి పడేలోగా కట్టకపోతే ఇల్లు ఖాళీ చేయాలి.

గుమ్మాలు లెక్కపెట్టే ఉద్యోగం కొంగ పరాంకుశానిది. ఆయన ఏ కొమ్మ మీదా వాలడు, ఏ బొరియలోకీ తొంగి చూడడు. కింద ఒంటికాలి మీద నిలబడి, మెడ చాచి, కనబడ్డ ప్రతి కన్నాన్నీ గుమ్మంగా రాసుకుంటాడు.

ఆ ఏడాది మద్దిచెట్టు తొర్రలో ఉండే ఉడత వకుళకు మోదుగాకు మీద నోటీసు వచ్చింది. గుమ్మాలు రెండు. పన్ను రెండు దోసిళ్లు.

వకుళ గబగబా కిందికి దిగింది. "రెండో గుమ్మం ఎక్కడుంది సార్?"

"అదిగో." పరాంకుశం ముక్కుతో చూపించాడు.

"అది పగులండీ! ఎండకి బెరడు విచ్చుకుంది. నా తోక కూడా దూరదు అందులో."

"మీ తోక దూరుతుందా లేదా అన్నది మా శాఖ చూడదమ్మా. అభ్యంతరం ఉంటే లైసెన్సున్న నిపుణుడి చేత ఇంటి విలువ కట్టించి అప్పీలు పెట్టుకోండి."

వానాకాలానికని వకుళ దాచుకున్నది మూడు దోసిళ్లు. రెండు పోతే మిగిలిన దాంతో తనూ ఇద్దరు పిల్లలూ నాలుగు నెలలు గడపాలి. ఆ మాటా, అప్పీలు మాటా పై కొమ్మ మీది గోరింక అనసూయతో చెప్పుకుని తల పట్టుకుంది.

"దానికింత బాధెందుకు వదినా?" అంది అనసూయ. "వడ్రంగిపిట్ట తాండవం గారున్నారుగా. ఈ ఇల్లు దేనికీ పనికిరాదని ఆయన ఒక్క ముక్క రాసిస్తే చాలు. పన్ను దానంతటదే దిగొస్తుంది."

మర్నాడు తాండవం గారు ఎర్ర జుట్టు సవరించుకుంటూ వచ్చారు.

"ఫీజెంతండీ?"

"ఫీజా! ఛఛ. చెక్కలో పురుగులేమైనా దొరికితే అవి నావి. అంతే."

ఇంత మంచి నిపుణుడు ఇన్నాళ్లూ ఎలా బతికాడా అనుకుంది వకుళ. "కాస్త తక్కువ రాయండి సార్."

"నేను రాయనమ్మా, కనుక్కుంటాను. పుచ్చు కనబడితే పుచ్చని రాస్తాను."

"అయితే కనుక్కోండి!"

టకటకటక. బెరడు ఎగిరింది. కన్నం పడింది. తాండవం గారు లోపలికి చూసి పెదవి విరిచారు. "గట్టి చెక్కమ్మా. చాలా మంచి ఇల్లు."

వకుళ మరో వైపు బెరడు చూపించింది. "ఇంకోచోట చూడండి సార్."

"ఇక్కడా గట్టిదే."

"తొందరేముంది? నిదానంగా చూడండి." వకుళ ఆకుదొన్నెతో మంచినీళ్లు కూడా అందించింది.

పొద్దు వాలేసరికి ఏడో కన్నంలో రెండు పురుగులు దొరికాయి. తాండవం గారు వాటిని మింగి, నోరు తుడుచుకుని నివేదిక రాశారు. "చెక్క పుచ్చింది. ఏడు వైపుల నుంచి గాలి కొడుతోంది. నివాసానికి పనికిరాదు. విలువ సున్నా."

"నా ఇల్లు సున్నా అట వదినా!" అని వకుళ ఆ ఆకును చెట్టుచెట్టుకూ తిరిగి చూపించింది. మేడ కట్టుకున్నవాళ్లు కూడా అంత మురిసిపోరు.

అప్పీలు విచారణ ఇప్పచెట్టు కింద జరిగింది. ఎలుగుబంటి ఇప్పపూలు నములుతూ నివేదిక విన్నాడు. బాగుందన్నాడు. పద్ధతి ప్రకారం ఇంకొక్కసారి చూసి రమ్మని పరాంకుశాన్ని పంపాడు.

కొంగ వెళ్లాడు. ఒంటికాలి మీద నిలబడ్డాడు. వచ్చాడు. "గుమ్మాలు తొమ్మిదండీ."

"తొమ్మిదేంటి?" వకుళ ఎగిరిపడింది. "అందులో ఏడు తాండవం గారు పొడిచినవి! విలువ కట్టడానికి నేనే దగ్గరుండి పొడిపించాను!"

"అనుమతి లేకుండా ఏడు గుమ్మాలు పెట్టించినట్టు ఆవిడే ఒప్పుకుంటోంది. రాసుకోవయ్యా," అన్నాడు ఎలుగుబంటి.

"మరి విలువ సున్నా అని మీ లైసెన్సున్నాయనే రాశాడు కదండీ!"

"ఎవరు కాదన్నారమ్మా? దాన్నీ ఆమోదిస్తున్నాం. ఇద్దరూ మనవాళ్లే, ఇద్దరూ సంతకాలు పెట్టారు. తాండవం సంతకం ప్రకారం ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు. పరాంకుశం సంతకం ప్రకారం తొమ్మిది దోసిళ్లు కట్టాలి."

"ఉండకూడని ఇంటికి పన్నెందుకు సార్?"

"పన్ను ఇంట్లో ఉన్నందుకు కాదమ్మా," ఎలుగుబంటి ఓపిగ్గా చెప్పాడు. "గుమ్మాలున్నందుకు."

తొలి వాయిదా కింద మూడు దోసిళ్లూ ఆ సాయంత్రమే జమ చేసుకున్నారు. శిథిల భవనానికి కాపలా అవసరమని తీర్మానం చేశారు. కాపలాదారుగా తాండవం గారు భార్యాసమేతంగా తొర్రలో దిగారు. కాపలాదారుకు పన్ను మినహాయింపు.

తొలకరి పడింది. వకుళ పిల్లలిద్దర్నీ పొట్ట కింద దాచుకుని అనసూయ గూటి పక్కన కొమ్మకు అతుక్కుని కూర్చుంది. కింద తాండవం గారి భార్య వాన పడని గుమ్మం ఏదో చూసి మిగతావన్నీ బంకమట్టితో పూడుస్తోంది.

అనసూయ కాసేపు చూసి అంది. "ఆ పగులులో ఇంత మట్టి మెత్తేసి ఉంటే మొదట్లోనే ఒక్క గుమ్మం ఇల్లయ్యేది కదా వదినా."

"ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!"

"నువ్వు అప్పీలు సంగతి చెప్పావు, నేను అప్పీలుకి సలహా ఇచ్చాను. పగులు పూడ్చడం ఎలా అని అడిగావా?"

ఈ కథ విన్నవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే: నిజం మన వైపున్నప్పుడు నిపుణుణ్ణి పిలవకూడదు, పిడికెడు మట్టి తెచ్చుకోవాలి.