సర్వర్ కాంప్రమైజ్ అయింది

సోమవారం పొద్దున పూజిత ఒకే ఒక్క నిర్ణయంతో నిద్ర లేచింది. ఈ రోజు గట్టిగా మాట్లాడాలి.

ఉద్యోగంలో ఆమెకిచ్చిన మూడు నెలల గడువు ఆ రోజుతో ముగుస్తుంది. లాడ్ బజార్ గాజుల దుకాణాల వాళ్ళకు ఇంటర్నెట్‌లో అంగళ్ళు నడిపిపెట్టే చిన్న కంపెనీ అది. పన్నెండు గంటలకు యజమానురాలు విమలాదేవి వీడియోలో మాట్లాడి, పూజితను ఉంచుకోవాలో పంపించాలో తేల్చేస్తుంది. పనిలో వంక లేదు. పై అధికారి సాయికుమార్ మాత్రం, పిల్ల మంచిదే కానీ గొంతు లేవదు, ఆపదొస్తే ఎవరికి చెప్తుంది అని మేడంతో రెండుసార్లు అన్నాడు. అందుకే పూజిత ఆదివారమంతా డాబా మీద నీళ్ళ ట్యాంకు ముందు నిలబడి గట్టిగా మాట్లాడటం సాధన చేసింది.

ఇల్లు గౌలిపురలో. మేడ మీద ఆమె గది, కింద వాళ్ళ నాన్న ఎల్లేష్ టిఫిన్ హోటల్. ఇరవై ఏళ్ళుగా ఆ హోటల్‌కు అంజన్ ఒక్కడే సర్వర్. మొన్న శుక్రవారం గిరాకీల ముందే ఎల్లేష్ అతన్ని, "చట్నీ ఏమన్న నీ అత్తగారి సొమ్మా, అడగకుంటనే పోస్తున్నవ్" అన్నాడు. అంజన్ అక్కడికక్కడే వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఎల్లేషే వడ్డిస్తున్నాడు. మూడు రోజుల్లో నలుగురి ప్యాంట్ల మీద సాంబారు పడింది.

తొమ్మిదింటికి పూజిత కంప్యూటర్ తెరిస్తే, శుక్రవారం నుంచి ఒక ఎర్ర గీత నిటారుగా లేచి ఉంది. గాజుల అంగళ్ళన్నీ ఉండేది ఎక్కడో దూరాన అద్దెకు తీసుకున్న ఒక సర్వర్‌లో. పొద్దున్నే గాజులు కొనేవాళ్ళు నలుగురు లేరు, సర్వర్ మాత్రం ఊపిరి సలపనట్టు పనిచేస్తోంది. ఎవరో దొంగలు చొరబడి, దానితో తమకోసం డిజిటల్ నాణేలు తవ్వించుకుంటున్నారు. పూజిత సాయికుమార్‌కు ఫోన్ చేసి, గుండెల నిండా గాలి పీల్చుకుని అరిచింది.

"సార్, మన సర్వర్ కాంప్రమైజ్ అయింది."

మెట్ల మీద వెల్లుల్లి పొట్టు తీస్తున్న నానమ్మ బాలమ్మ చెవిన ఆ మాట పడింది. గౌలిపురలో సర్వర్ అంటే ప్లేట్లు తెచ్చేవాడు. కాంప్రమైజ్ అంటే కొట్లాడుకున్నవాళ్ళు రాజీకి రావడం. బాలమ్మకు తెలిసిన ఇంగ్లీషు ముక్కలు రెండూ ఒకే వాక్యంలో కలిసి వచ్చాయి. మనవరాలు 'అయింది' అన్నదా, 'అయిండు' అన్నదా అని ఆమె ఆగి ఆలోచించలేదు. చేట పక్కన పెట్టి, చెప్పులు తొడుక్కుని, రెండు గల్లీల అవతలున్న అంజన్ ఇంటికి నడిచింది.

అంజన్ మూడు రోజులుగా గడప మీదే కూర్చుని ఉన్నాడు. ఎవరైనా పిలవడానికొస్తే కాసేపు బెట్టు చేసి వెళ్దామని అతని ఆలోచన. ఎవరూ రాకపోవడంతో బెట్టు చేసే ఓపిక కూడా అయిపోయింది.

"నడువు కొడుకా, కాంప్రమైజ్ అయిందట గద," అంది బాలమ్మ.

ఎల్లేష్ సేటే దిగొచ్చాడనుకుని అంజన్ ముఖం కడుక్కుని బయలుదేరాడు.

ఈలోగా మేడ మీద పూజిత, సాయికుమార్ చెప్పే ప్రతి మాటనూ అర్థమైందని తెలియడానికి గట్టిగా తిరిగి చెబుతోంది. కింద దోసెల పెనం దాకా అంతా స్పష్టంగా వినబడుతోంది.

"అవును సార్, మూడు రోజుల నుంచి మన సర్వర్ బయటోళ్ళకు పనిచేస్తున్నది. మన కీ వాళ్ళ చేతిల పడ్డది."

ఎల్లేష్ చేతిలో గరిటె ఆగిపోయింది. అంజన్ వెళ్ళి సరిగ్గా మూడు రోజులు. షట్టర్ తాళం చెవి ఒకటి అతని దగ్గరే ఉండిపోయింది.

"ముందు ఐసోలేట్ చేస్త సార్. ఎవ్వరితోని మాట్లాడనియ్య. ఆఫ్ మాత్రం చెయ్య, సాక్ష్యం పోతది. ఉన్నదున్నట్టు ఫొటో తీసి పెడత."

రోజూ రెండు చాయ్‌లకు గంటన్నర కూర్చునే వైకుంఠాన్ని ఎల్లేష్ అడిగాడు. "ఐసోలేట్ అంటే ఏందే?"

"కరోనాల మా బావను చేసిండ్రు గద అన్నా. ఒక్క అర్రల పెట్టి తాళమేసుడు. తిండి కిటికీలకెళ్ళి ఇచ్చుడు."

కూతురి చదువు మీద ఎల్లేష్‌కు ఎన్నడూ అనుమానం లేదు. బాలమ్మ వెంట నవ్వుతూ వచ్చిన అంజన్‌ను లోపల పనుందని బియ్యం బస్తాల గదిలోకి తీసుకుపోయి, సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో తీసి, బయటికొచ్చి తాళం వేశాడు. ఫొటోలో కూడా అంజన్ నవ్వుతూనే ఉన్నాడు.

"ఏందిరా గిది?" అంది బాలమ్మ.

"ఐసోలేట్ అమ్మా. పూజిత ఆఫీసోళ్ళ పద్ధతి."

లోపలినుంచి తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. ఆఫ్ కావద్దన్న మాట గుర్తొచ్చి, ఎల్లేష్ కిటికీలోంచి నాలుగు ఇడ్లీలు అందించాడు. అంజన్ కాసేపటికి చట్నీ అడిగాడు. అడిగాడు కాబట్టి ఎల్లేష్ పోశాడు.

పన్నెండింటి సమావేశం పదింటికే మొదలైంది. తెర మీదికి రాగానే విమలాదేవి అడిగిన మొదటి మాట, కీ బయటికెలా పోయిందని. లోపలికి వెళ్ళడానికి వాడే ఆ రహస్య సంకేతం దొంగలకు దొరకబట్టే ఇదంతా జరిగింది.

సాయికుమార్ గొంతు సవరించుకున్నాడు. "కొత్తోళ్ళు మేడం. పూజిత ఎక్కడనో పెట్టి మర్చిపోయి ఉంటది."

ఆ కీ నాకు ఇవ్వనేలేదు అని చెప్పాలి. పూజిత పెదవులు కదిలాయి, గొంతు రాలేదు. ఆదివారమంతా చేసిన సాధనలో నీళ్ళ ట్యాంకు ఒక్కసారి కూడా ఎదురు మాట్లాడలేదు మరి.

"చెప్పు పూజితా," అంది విమలాదేవి. "చెప్పకపోతే నువ్వేనని అనుకోవలసి వస్తుంది. అప్పుడు నేనేం చేయాలో నీకు తెలుసు."

పూజిత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బియ్యం గది కిటికీ సరిగ్గా ఆమె కిటికీ కిందే ఉంది. మైకు తెరిచే ఉంది. అప్పుడు వినబడింది ఒక మగ గొంతు, నింపాదిగా.

"కీ ఎవరికిచ్చినవ్? నిజం చెప్పు. పక్కోళ్ళ మీదికి నూకకు. మూడొద్దుల సంది నువ్వు చేసిందంత మాకు ఎరుకే. ఫొటో గూడ తీసి పెట్టినం."

ఆ మాటలన్నది ఎవరో తెరలో కనబడలేదు. పూజిత పక్కన ఎవరో నిపుణుడు కూర్చున్నాడని విమలాదేవి అనుకుంది. సాయికుమార్ పోలీసనుకున్నాడు.

"నేనే సార్," అన్నాడు అతను, నుదురు తుడుచుకుంటూ. "శుక్రవారం ఒక ప్రోగ్రాం నెట్‌ల అందరికీ కనబడే తాన పెట్టిన. కీ అండ్లనే ఉండిపోయింది. ఎవ్వరు చూస్తరులే అనుకున్న."

"నా మొలతాడుకే ఉన్నది సేట్," అని కింద నుంచి ఇంకో గొంతు వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత విమలాదేవి, పూజిత ఉద్యోగం ఆ నిమిషం నుంచే పర్మనెంటు అని చెప్పింది. తాను అరవకుండా, అడగాల్సినవాళ్ళతో అడిగించడం పెద్ద తెలివి అని మెచ్చుకుంది. అది మా బాపు మేడం అని పూజిత రెండుసార్లు చెప్పబోయింది. గొంతు అప్పటికీ రాలేదు.

ఆమె పాత కీ రద్దు చేసింది. చెడిపోయిన సర్వర్‌ను సాక్ష్యానికి పక్కన పెట్టి, గురువారం నాటి శుభ్రమైన కాపీతో కొత్తది నిలబెట్టింది. రెండింటికల్లా గాజుల అంగళ్ళు తెరుచుకున్నాయి. అన్నానికని కిందికి దిగితే నానమ్మ సంగతంతా చెప్పింది. పూజిత పరుగెత్తి తాళం తీయించింది.

అంజన్ బియ్యం బస్తా మీద కూర్చుని ఉన్నాడు. "ఇరవై ఏండ్లల్ల బయటోళ్ళకు ఒక్క దినమన్న పనిచేసిన్నా సేట్?" అన్నాడు.

సర్వర్లలో రెండు రకాలుంటాయని పూజిత పది నిమిషాలు వివరించింది. సగం ఎవరికీ వినబడలేదు. అయినా వైకుంఠం అంతా అర్థమైనట్టు తలూపాడు. ఎల్లేష్ నేల చూపులు చూస్తూ, "తప్పయింది అంజన్. శుక్రవారం నాటిది గూడ," అన్నాడు. అంజన్ లేచి, "గిరాకీలు కూసున్నరు సేట్, పక్కకు జరుగుండ్రి," అని బయటికి నడిచాడు.

సాయంత్రం పూజిత నివేదిక రాసింది. ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏం చేశాం అన్న గడులన్నీ నిండాయి. 'కారణం ఎలా కనుగొన్నారు' అన్న గడి దగ్గర ఆగిపోయింది. అబద్ధం రాయడానికి మనసొప్పలేదు, నిజం రాయడానికి గడి సరిపోలేదు. చివరికి 'స్థానికుల సహకారంతో' అని రాసి పంపించింది.