కీబోర్డుకి బొట్టు పెట్టిందెవరు?

"ఈ భూప్రపంచంలో నేరస్థుడు భయపడేది ఇద్దరికే. ఒకరు యముడు. రెండోవారు మీ ఎదుట నిలబడి ఉన్నారు!"

ధవళేశ్వరంలో కాశీవిశ్వనాథం గారి శుభలేఖల కొట్లోకి వస్తూనే ఆయన బావగారు, స్వయంప్రకటిత డిటెక్టివ్ ఉదయభాస్కర్, ఈ మాట ప్రకటించాడు. మరుక్షణం కాగితాల కట్ట తన్నుకుని, బోర్లా పడబోయి కంప్యూటరు బల్ల పట్టుకున్నాడు.

"పెళ్లికూతురి పేరు కొట్టానండి బావగారూ," అన్నారు కాశీవిశ్వనాథం గారు ఏడుపు గొంతుతో. "తెర మీద ఏదో రాక్షస భాష పడింది. కీబోర్డు చూడండి, బటన్ బటన్‌కీ ఎర్ర బొట్టు! చేతబడి కాకపోతే ఏంటండీ ఇది? ఎవరు చేశారో తేలిందా, మళ్లీ ఈ గుమ్మం తొక్కనివ్వను."

మూలన కూర్చున్న ప్రసన్నలక్ష్మి తల వంచేసుకుంది. కొట్లో టైపు పనంతా ఆమెదే. ప్రభుత్వ ఉద్యోగ పరీక్షలో కీబోర్డు మీద అక్షరాల అమరిక వేరు. అందుకని పనంతా పాత అమరికలో చేస్తూ, యజమాని భోజనానికి వెళ్లగానే కొత్తది నేర్చుకుంటోంది. చూపు అక్షరాల మీదికి పోకుండా బొట్టుబిళ్లలు అంటించి, ఆయన వచ్చేలోగా ఊడబీకేది. ఇవాళ ఆయన పెందలాడే వచ్చేసి, పెళ్లికూతురి పేరు తనే కొట్టబోయారు. బిళ్లలు తీయలేదు, అమరిక మార్చలేదు. ఈ ఉద్యోగం పోతే నేర్చుకోవడానికి మరో కంప్యూటరు లేదు.

ఉదయభాస్కర్ భూతద్దం తీసి ఒక్కో బొట్టూ వాసన చూశాడు. ఒకటి ముక్కుకి అంటుకుంది. ఆ ముక్కుతోనే ఆమె వైపు తిరిగాడు.

"అమ్మాయ్! నీ నుదుటి మీదా ఇదే బొట్టు!"

ఆమె చెయ్యి నుదుటి మీదికి పోయింది.

"హంతకుడు నీ దాకా వచ్చేశాడన్నమాట! జాగ్రత్త తల్లీ."

"హంతకుడేంటండీ? ఎవరూ పోలేదు కదా?" అన్నారు కాశీవిశ్వనాథం గారు.

"అదే వాడి తెలివి! ఎదురుకొట్టు జీవరాజు వేసే సీలు సిరా ఏ రంగు?"

"ఆయ్, ఎరుపేనండి."

"కేసు ముగిసింది! నివేదిక కొట్టమ్మా. 'రక్తవర్ణ బిందు రహస్యం. ఛేదించినవారు అపరాధ పరిశోధక చక్రవర్తి ఉదయభాస్కర్. దోషి జీవరాజు...'"

పాపం, ఏమీ ఎరగని జీవరాజు! ఆ కంగారులో ఆమె వేళ్లు బొట్ల మీదే, కొత్త అమరికలో వాటంతటవే పరుగెత్తాయి. పేజీ అచ్చయి వచ్చింది.

ఉదయభాస్కర్ చదువుకుని మురిసిపోయాడు. "ఒక్క తప్పు లేదు! చక్రవర్తికి ముందు 'మహా' చేర్చు తల్లీ."

కాశీవిశ్వనాథం గారు కాగితం చూశారు. బొట్లు చూశారు. "నేను కొడితే రాక్షస భాష, నువ్వు కొడితే తెలుగా?"

"చేసింది నేనేనండి. పరీక్ష కోసమండి," అని ఆమె సంచి అందుకుంది.

"చూశారా! దోషి చేతనే నేరం టైపు చేయించాను!" అన్నాడు ఉదయభాస్కర్.

"మీరుండండి బావగారూ." కాశీవిశ్వనాథం గారు ఆమె వైపు తిరిగారు. "ఎక్కడికమ్మా లేస్తావు? ఈ బొట్ల మీద నేనేం కొట్టగలను? ఉద్యోగం వచ్చాక ఎలాగూ వెళ్తావు. అందాకా మధ్యాహ్నాలు మిషను నీదే. ముందు ఆ పెళ్లికూతురి పేరు చూడు."

ఆమె కూర్చుని, సందేహంగా తలెత్తింది.

"పాతదా, కొత్తదా, ఏ పద్ధతిలో కొట్టమంటారండి?"

"పెళ్లికొడుక్కి అర్థమయ్యే పద్ధతిలో."